వైజాగ్–హైదరాబాద్ లోడుకు ఎంత స్పీడులో తోలాలి? మిగిలే గంట ఎంతకు పడుతోందో చూసుకో

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. పన్నెండు టైర్ల బండి, 35 టన్నుల పాసింగ్, అంటే బండీ లోడూ కలిపి అనుమతి ఉన్న బరువు. వైజాగ్ నుంచి హైదరాబాద్‌కు స్టీలు రాడ్లు, తిరిగి వచ్చేటప్పుడు జగ్గయ్యపేట దాకా ఖాళీగా వచ్చి అక్కడ ఎక్కించుకునే సిమెంటు. నాలుగు లైన్ల రోడ్డు దొరికితే చాలు, మీ డ్రైవరు 80 దగ్గర పెట్టేస్తాడు. లోడు మీద మైలేజీ మూడు దాటడం లేదు. మీ నాన్నగారేమో 50 దాటొద్దంటారు. అలా తోలితే నెలకో ట్రిప్పు పోతుందని డ్రైవరు అంటాడు. ఇద్దరిలో ఎవరి మాట వినాలి అన్నావు.

నా మాట ముందే చెప్పేస్తాను. లోడు మీద 58 నుంచి 62 మధ్య నిలకడగా తోలించు. ఖాళీగా వచ్చేటప్పుడు కూడా అంతే. డ్రైవరు చెప్పే ట్రిప్పు పోవడం జరగదు. మీ నాన్నగారు చెప్పేది చాలా వరకు నిజం, కాకపోతే ఈ కాలం ఇంజనుకు 50 కాస్త తక్కువ. ఇప్పుడు లెక్కలోకి వెళ్దాం. అంకెలు కాస్త ఎక్కువే ఉంటాయి, ఓపిగ్గా చదువు. కిస్తీ కట్టే బండి కాబట్టి అది నీకు అవసరం.

చదునైన రోడ్డు మీద ఇంజను ముఖ్యంగా రెండింటిని తోసుకుంటూ పోవాలి. ఒకటి, బరువు మీద పడి టైర్లు దొర్లడానికి పట్టే బలం. ఇది లోడును బట్టి ఉంటుంది, స్పీడు పెరిగినా పెద్దగా మారదు. రెండోది ఎదురుగాలి. స్పీడు రెట్టింపైతే గాలి అడ్డు నాలుగింతలవుతుంది. 60 నుంచి 80కి పోతే స్పీడు పెరిగేది మూడో వంతే, గాలి అడ్డు మాత్రం ముప్పావు వంతు కన్నా ఎక్కువ పెరుగుతుంది. మన లారీలకు క్యాబిన్ ముఖం నిలువుగా ఉంటుంది. దాని వెనక లోడు ఎత్తుగా ఉన్నా, పట్టా వదులుగా కట్టి కొట్టుకుంటున్నా గాలి ఇంకా పట్టుకుంటుంది. స్టీలు రాడ్లు కింద పడుకుని ఉంటాయి కాబట్టి నీకు ఆ బాధ కొంత తక్కువ. అదే పత్తి, ఊక లాంటి ఎత్తు లోడు వేస్తే నేను కింద చెప్పే అంకెలన్నీ ఇంకా పెరుగుతాయి.

35 టన్నుల మీద, రేడియల్ టైర్లతో, గాలి లేని రోజు, చదును రోడ్డు మీద లెక్క కడితే 60లో లీటరుకు 3.7 దగ్గర వచ్చే బండి 80లో 3 కిలోమీటర్ల లోపుకు పడిపోతుంది. అంటే దూరం అంతే, డీజిల్ నూటికి పాతిక పైన ఎక్కువ. నీ బండి మూడు దాటడం లేదన్నావు కదా, బండిలో లోపమేమీ ఉండకపోవచ్చు. ఆ స్పీడుకు వచ్చేది అంతే.

ఇప్పుడు అసలు విషయం. స్పీడు పెంచి మనం కొనేది టైము. ఆ టైము గంటకు ఎంత పడుతోందో చూసుకోవాలి. డీజిల్ లీటరు 96 రూపాయలు అనుకుందాం. 40లో పోయే బండిని 50కి తెస్తే, మిగిలిన ఒక్కో గంటకు అదనంగా కాలే డీజిల్ సుమారు 400 రూపాయలు. 50 నుంచి 60కి తెస్తే ఒక్కో గంట 770 దాకా పడుతుంది. 60 నుంచి 70కి అయితే 1,250. 70 నుంచి 80కి అయితే ఒక్కో గంట దాదాపు 2,000 రూపాయలు. ప్రతి మెట్టు మీదా గంట రేటు ఇలా ఎక్కుతూ పోతుంది. మైలేజీ అంకె ఒక్కటే చూసే ఓనర్లకు ఇది కనబడదు. మూడున్నర వచ్చినది మూడు పాయింట్ రెండు అయితే ఏముందిలే అనిపిస్తుంది. 65 దగ్గర పోయే బండిని 75కి పెంచితే వంద కిలోమీటర్లకు మిగిలేది 12 నిమిషాలు, పోయేది 320 రూపాయల పైమాటే. లీటరుకు రూపాయి తక్కువని కోదాడ దాటేదాకా ఆగి తెలంగాణలో డీజిల్ పోయించుకుంటాం, అది మంచిదే. ఆ ఆదా మొత్తం ఈ వంద కిలోమీటర్లలో పోతుంది.

మరి నీ గంట విలువ ఎంత? కిస్తీ, ఇన్సూరెన్సు, ట్యాక్సు, డ్రైవరు జీతం, బత్తా కలిపి, బండి కదిలినా కదలకపోయినా నెలకు పడే ఖర్చు వేసుకో. ఉదాహరణకు 1,20,000 అనుకో. నెలకు 720 గంటలు, గంటకు 167 రూపాయలు. లేదు, రోడ్డు మీద తిరిగిన గంటలే లెక్కపెట్టాలి అంటావా, నెలకు 250 గంటలు తిరిగితే గంటకు 480. ఈ 480ని పైన చెప్పిన రేట్ల పక్కన పెట్టు. 50 దాటిన దగ్గర నుంచే మనం గంటను దాని విలువకన్నా ఎక్కువ పెట్టి కొంటున్నాం. 60 దాటాక రెండున్నర నుంచి నాలుగింతల దాకా పెడుతున్నాం. 50 దగ్గరే ఎందుకు ఆగకూడదో నాన్నగారి మాట దగ్గర చెప్తాను. 60 దగ్గర ఆగమని నేననేది అందుకే. ఆ పైన పెట్టే డబ్బు తిరిగి రాదు.

ఇంకా పెద్ద సంగతి ఒకటుంది. ఆ కొన్న గంట నీ చేతికి వస్తుందా? నీ రూటే చూడు. తుని, అన్నవరం, రావులపాలెం, తణుకు, ఏలూరు దాటి హనుమాన్ జంక్షన్ వచ్చేసరికి ఎన్ని టోల్‌గేట్లు, ఎన్ని ఊరి క్రాసింగులు, ఎన్ని చోట్ల రోడ్డు పనుల బారికేడ్లు! విజయవాడలోకి పెద్ద బండ్లను వదలని రోజుల్లో నూజివీడు, మైలవరం మీదుగా ఇబ్రహీంపట్నానికి మళ్ళిస్తే ఆ రోడ్డు మీద 40 దాటించలేం. ఆ తర్వాత చిల్లకల్లు, కొర్లపహాడ్, పంతంగి గేట్లు. హైదరాబాద్ చేరాక పగలు పెద్ద బండ్లకు నో ఎంట్రీ. గోడౌను తలుపు తీసేది తొమ్మిదికో పదికో. హమాలీలు వచ్చి, టీ తాగి, పని మొదలెట్టేసరికి ఇంకో గంట. దొరికిన చోటల్లా 80లో తోలి తెల్లవారుజామున నాలుగున్నరకు గోడౌను ముందు నిలబెట్టిన బండి, 60లో తోలి ఆరింటికి వచ్చిన బండి, రెండూ ఖాళీ అయ్యేది మధ్యాహ్నానికే. గంటన్నర ముందు చేరడానికి పోసిన డీజిల్ గోడౌను ముందు నిద్రకు పోయింది.

సరుకుతో పాటు ఉండాల్సిన జీఎస్టీ కాగితం, ఈ-వే బిల్లు, టైము అయిపోతుందని కొందరు డ్రైవర్లు కంగారు పెడతారు. 2021 జనవరి నుంచి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు ఇస్తున్నారు. వైజాగ్ నుంచి హైదరాబాద్ సుమారు 625 కిలోమీటర్లు, అంటే నాలుగు రోజుల గడువు. 60లో తోలినా మధ్యలో రెండు పూటలు నిద్రపోయి వెళ్ళొచ్చు. దారిలో బండి చెడిపోతే గడువు పెంచుకునే వీలూ ఉంది.

నెలకో ట్రిప్పు పోతుందన్న మాట సంగతి చూద్దాం. నీ రౌండు మొత్తం 1,250 కిలోమీటర్ల చుట్టుపక్కల. అందులో నిజంగా 80 నిలబెట్టగలిగేది సగం దూరం అనుకుందాం, అదీ ఎక్కువే. ఆ సగంలో 60కి బదులు 80 తోలితే మిగిలేది రెండున్నర గంటలు, అదనంగా కాలేది 4,000 రూపాయల డీజిల్. నెలకు ఆరు రౌండ్లు పడితే 24,000 రూపాయలు. మిగిలేది మొత్తం కలిపి 15, 16 గంటలు. నీ రౌండుకు లోడింగు, అన్‌లోడింగు, ఫ్యాక్టరీలో వంతు కోసం ఇచ్చే టోకెను కలుపుకుని నాలుగైదు రోజులు పడుతుంది. 16 గంటల్లో ఏ రౌండూ రాదు. నెలకో ట్రిప్పు కావాలంటే స్టీలు యార్డులో, సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర, గోడౌను ముందు పోయే గంటల మీద పడాలి. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు ముందు రోజే ఫోన్ చేసి గోడౌను టైము ఖాయం చేసుకో. 24 గంటలు దాటి నిలబెడితే హాల్టింగ్ ఛార్జీ ఇస్తామని లోడు ఒప్పుకునేటప్పుడే రాయించుకో. అక్కడ రౌండుకో పూట మిగిల్చావంటే 80 స్పీడు ఇచ్చే దానికన్నా ఎన్నో రెట్లు.

ఖాళీ బండి విషయంలో చాలామంది పొరబడతారు. హైదరాబాద్‌లో దింపేశాక బండి తేలికైంది కదా అని జగ్గయ్యపేట దాకా 200 కిలోమీటర్లు తొక్కేస్తారు. లోడు దిగితే టైర్ల మీద భారం తగ్గింది, గాలి మాత్రం తగ్గలేదు. లోడు బండికి 60 నుంచి 80కి నూటికి పాతిక పెరిగితే, ఖాళీ బండికి నూటికి నలభై పైనే పెరుగుతుంది. ఈ 200 కిలోమీటర్లలోనే 1,300 రూపాయలు. మిగిలేది 50 నిమిషాలు, ఆ తర్వాత ఫ్యాక్టరీ గేటు బయట టోకెను కోసం పూటంతా. ఒక్క మినహాయింపు ఉంది. సాయంత్రం టోకెన్లు ఆపేసే ఫ్యాక్టరీ అయి, అరగంట ముందు చేరితే ఆ రోజు సీరియల్‌లోకి వస్తామని ఖాయంగా తెలిస్తే అప్పుడు 70 తోలినా తప్పు లేదు. ఒక పూర్తి రాత్రి మిగులుతుంది. నీ బండికి లిఫ్ట్ యాక్సిల్ (లోడు లేనప్పుడు పైకెత్తుకునే చక్రాల ఇరుసు) ఉంటే ఖాళీగా ఉన్నప్పుడు తప్పకుండా ఎత్తించు. డీజిల్‌తో పాటు ఆ టైర్లూ మిగులుతాయి.

మీటరు ముల్లు కన్నా ఎక్కువ డీజిల్ తాగేది ఇంకోటి ఉంది: 80కి ఎక్కించడం, బ్రేకు తొక్కడం, మళ్ళీ ఎక్కించడం. 35 టన్నుల బండిని నిలబడ్డ చోటు నుంచి 80కి తేవడానికి, ఆ ఊపు ఒక్కదానికే, సుమారు 650 మిల్లీలీటర్లు కాలుతుంది. 60కి తేవడానికి 370. బ్రేకు తొక్కిన ప్రతిసారీ ఆ డీజిలంతా డ్రమ్ముల్లో వేడిగా పోతుంది. పంతంగి గేటు దగ్గర ఓసారి పక్కన నిలబడి చూడు. ఒకడు 80లో వచ్చి, వంద మీటర్లలో బ్రేకు నొక్కి, బుస్సుమని గాలి వదిలి క్యూలో నిలబడతాడు. ఇంకొకడు అర కిలోమీటరు ముందే ఎక్సలేటరు మీంచి కాలు తీసేస్తాడు. గేరులోనే ఉంచుతాడు. బండి 60 నుంచి 50, 40, 30 అని తనంతట తాను తగ్గుతూ వస్తుంది. అతను గేటు చేరేసరికి ముందున్న బండి ఫాస్టాగ్ కొట్టి కదిలి ఉంటుంది. రెండో గేరుకో మూడో గేరుకో దిగి ఆగకుండానే దాటిపోతాడు. ఇద్దరూ గేటు దాటేది ఒకే నిమిషంలో. రెండోవాడు ఆ అర కిలోమీటరూ దాదాపు డీజిల్ లేకుండా వచ్చాడు. ఎందుకంటే ఇప్పటి కామన్ రైల్ ఇంజన్లలో (డీజిల్ పోయడాన్ని కంప్యూటరు చూసుకునేవి) గేరు వేసి ఉండి కాలు తీస్తే ఇంజెక్టర్లు డీజిల్ పోయడం ఆపేస్తాయి. న్యూట్రల్ చేస్తే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి డీజిల్ పోస్తూనే ఉంటుంది. దిగుడులో న్యూట్రల్ కొడితే మిగులుతుందన్న పాత అలవాటు ఈ బండ్లలో నష్టమే, పైగా ప్రాణాపాయం. లోడు బండికి ఇంజను పట్టు పోయాక బ్రేకు ఒక్కటే దిక్కు, అది వేడెక్కితే పట్టదు. ఈ ఒక్క మాట మాత్రం డ్రైవరుకు గట్టిగా చెప్పు.

ఫ్లైఓవర్లు ఎక్కేటప్పుడు కూడా 60 పోకూడదని తొక్కాల్సిన పని లేదు. పైకి చేరేసరికి 50కి పడిపోనీ, దిగుతూ మళ్ళీ అదే వస్తుంది. బస్సు వెనకాల దగ్గరగా పోతే గాలి తగ్గుతుందని కొందరు చేస్తారు. ఆ పని ఎప్పుడూ చేయనివ్వకు.

నాన్నగారి 50 గురించి. పాత బండ్లలో, నైలాన్ టైర్లతో, మెకానికల్ పంపు ఇంజన్లతో ఆయన చూసింది అక్షరాలా నిజం. ఇప్పటి బండి టాప్ గేరులో 50కి కిందకు వస్తే ఇంజను ఆర్‌పీఎం (నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో) మీటరులో ఆదా చూపే పచ్చగీత కిందకు జారుతుంది, ఈడుస్తూ పోతుంది. లేదా గేరు దించాలి. రెండింట్లోనూ ఆదా పోతుంది. నీ బండిలో టాప్ గేరులో పచ్చగీత మధ్యకు ముల్లు వచ్చే స్పీడు ఎంతో చూసుకో. హౌసింగ్ రేషియోను (వెనక ఇరుసు గేర్ల నిష్పత్తిని) బట్టి అది ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది, చాలా వాటికి 55 నుంచి 65 మధ్యలోకే వస్తుంది. అదే నీ స్పీడు. డ్యాష్‌బోర్డు మీద లైట్, మీడియం, హెవీ అని మోడ్ స్విచ్ ఉంటే ఖాళీలో తప్పకుండా లైట్‌లో పెట్టించు. చాలా బండ్లలో అది కొన్న రోజు నుంచీ హెవీలోనే ఉండిపోతుంది.

చట్టం సంగతి కూడా గుర్తుంచుకో. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం సరుకు బండ్లకు నాలుగు లైన్ల డివైడర్ రోడ్డు మీద గరిష్ఠం 80, ఊళ్ళల్లో 60. స్పీడ్ గవర్నర్ కూడా 80కే కట్టి ఉంటుంది. దాన్ని విప్పించుకుని తిరిగే బండ్లున్నాయి. 80 దాటి తోలుతూ దొరికితే కేంద్ర చట్టం ప్రకారం పెద్ద బండికి 2,000 నుంచి 4,000 దాకా జరిమానా. ఆ పైన యాక్సిడెంటు అయితే ఇన్సూరెన్సు దగ్గర జవాబు చెప్పుకోవాల్సింది నువ్వే. 60కీ 80కీ మధ్య బండి ఊపు 1.8 రెట్లవుతుంది, ఆపడానికి పట్టే దూరమూ ఆ లెక్కనే పెరుగుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం సూర్యాపేట, నకిరేకల్ రోడ్డు మీద రీట్రెడ్ టైర్లతో (అరిగినదానికి కొత్త రబ్బరు అతికించినవి) ఆ స్పీడులో పోతే టైరు ఊడి పక్కన పడటం నువ్వూ చూసే ఉంటావు.

స్పీడుకు నిజంగా విలువ ఉన్న లోడ్లు లేవని కాదు. భీమవరం, ఆకివీడు, కైకలూరు నుంచి ఐసు వేసుకుని హౌరాకు పోయే చేపల బండి ఉంది. మార్కెట్ టైముకు చేరకపోతే సరుకు రేటు పడిపోతుంది, ఐసు కరిగేకొద్దీ సరుకూ పాడవుతుంది. మదనపల్లె టమాటా, నూజివీడు మామిడి కూడా అంతే. అక్కడ ఒక గంట విలువ రెండు వేలకన్నా ఎక్కువే, కాబట్టి 70–75 తోలడంలో అర్థం ఉంది. కిరాయి కూడా ఆ తొందరకు తగ్గట్టు మాట్లాడుకుంటారు. స్టీలూ సిమెంటూ కుళ్ళిపోయేవి కావు. చేపల బండి స్పీడును స్టీలు కిరాయి మీద తోలితే గిట్టదు.

ఇక డ్రైవరు. 80 ఎందుకు తోలుతున్నాడో కోపం లేకుండా అడుగు. ట్రిప్పుకు ఇంత అని ఇచ్చే లెక్కయితే తొందరగా ముగించుకోవాలని అతనికి ఉండటం సహజం. చాలామంది తొందరగా చేరి నాలుగు గంటలు పడుకుందామనే తొక్కుతారు. అది న్యాయమైన కోరిక. 60లో తోలమని చెప్పి నిద్ర టైము కోస్తే నువ్వు మిగిల్చిన డీజిల్ కన్నా పెద్ద నష్టం వస్తుంది. 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం డ్రైవరు పనిని రోజుకు 8 గంటలు అనేది. మన రోడ్ల మీద దాన్ని పాటించిన ఓనరు అరుదు, అది మనందరి తప్పే. కనీసం రాత్రి ఒంటిగంట నుంచి ఐదు దాకా బండి ఆపి పడుకోవాలని నువ్వే నియమం పెట్టు, లేటయితే నేను చూసుకుంటానని చెప్పు. ఆదా అయిన డీజిల్ డబ్బులో సగం డ్రైవరుకు ఇవ్వు. నెలకు 24,000 మిగిలితే 12,000 అతనికి. ట్రిప్పుకు ఇన్ని లీటర్లే అని బిగించి, మించితే జీతంలో కోసే పద్ధతి పెట్టకు. ఎదురుగాలి ఉన్న రోజు, మళ్ళింపు రోడ్డు పడిన రోజు అతను నష్టపోతాడు, ఇక ఆ తర్వాత నీకు నిజం చెప్పడు.

నా మాట నమ్మక్కర్లేదు, నీ బండి మీదే చూసుకో. టైర్ల గాలి కంపెనీ చెప్పినంత కొట్టించు, చల్లగా ఉన్నప్పుడే చూడు. ఒకే బంకులో, అదే పంపు దగ్గర, ట్యాంకు మెడ దాకా నింపించి బయల్దేరు. కాటా చీటీ దాచు. ఒక రౌండు ఇప్పుడు తోలుతున్నట్టే తోలించు, ఇంకో రౌండు 60 దాటకుండా. తిరిగి అదే పంపు దగ్గర నింపించి లీటర్లు, కిలోమీటర్లు రాసుకో. గేటు దాటిన టైము, గోడౌను చేరిన టైము, అన్‌లోడు మొదలైన టైము కూడా విడివిడిగా రాయించు. బండి కదలికలు చూపే కంపెనీ యాప్‌లో, అంటే నీది టాటా అయితే ఫ్లీట్ ఎడ్జ్‌లో, లేలాండ్ అయితే ఐ-అలర్ట్‌లో స్పీడు రిపోర్టూ బండి నిలబడి ఇంజను ఆన్‌లో ఉన్న గంటలూ దొరుకుతాయి. ఈ రెండోది తప్పకుండా చూడు, ఊరికే ఆన్‌లో ఉన్న ఇంజను గంటకు రెండు లీటర్ల దాకా తాగుతుంది. రెండు రౌండ్ల కాగితాలు వచ్చాక హౌసింగ్ రేషియో, టైరు సైజుతో కలిపి ఇక్కడే పెట్టు. నీ బండికి 58 మంచిదా 64 మంచిదా అన్నది అప్పుడు ఖాయంగా చెప్పగలను.